బెండు కింద ఎర ఎక్కడుంది? హైదరాబాద్ చుట్టుపక్కల చెరువుల్లో, వాగుల్లో గాలం వేట

చెరువు కట్ట మీద నలుగురు వరుసగా కూచుని గాలం వేస్తున్నప్పుడు ఒకరికే చేపలు పడుతుంటే, మిగతా ముగ్గురు అడిగే మాట ఒకటే: "అన్నా, ఎరలో ఏం కలిపినవ్?" మసాలా పొడులు, సెంట్లు, పేరు చెప్పని ఆకుల రసాలు అమ్ముడుపోయేది ఈ ప్రశ్న వల్లే. అక్కడ అడగాల్సిన ప్రశ్నలు వేరే ఉన్నాయి. "బెండు నుంచి కొక్కెం దాకా ఎంత వదిలినవ్? సీసం ఎక్కడ కట్టినవ్?" బెండు అంటే దారానికి కట్టి నీళ్లపైన తేలించేది, సీసం అంటే ఎరని కిందికి దింపే బరువు. మంచి ఎర ఉండి కూడా చేప తగలట్లేదంటే, చాలాసార్లు ఆ ఎర చేపలు తిరగని మట్టంలో వేలాడుతూ ఉంటుంది. అందుకే ఈ పోస్టులో ఎర తయారీకి తక్కువ చోటిచ్చి, లోతుకీ బరువుకీ ఎక్కువ చోటిస్తున్నాను.

మన చెరువుల్లో వదిలే చేపపిల్లల్లో ముఖ్యమైనవి బొచ్చె, రవ్వ, మోసు, బంగారుతీగ. మార్కెట్లో కట్ల అనేది బొచ్చెని, రోహు అనేది రవ్వని. ఇవన్నీ ఒకే చెరువులో బతకగలగడానికి కారణం, మేసే మట్టాలు వేరు కావడమే. బొచ్చె నోరు పైకి తిరిగి ఉంటుంది, మీసాలుండవు. పైనీళ్లలో తేలే సూక్ష్మజీవుల్ని నీళ్లతో సహా పీల్చుకుంటుంది. రవ్వ పెదవి అంచు కుచ్చులా ఉంటుంది. నడిమి నీళ్లలో తిరుగుతూ రాళ్ల మీదా కాడల మీదా పట్టిన పాచిని గోకి తింటుంది. మోసు, బంగారుతీగ అడుగు బురదని కెలుకుతాయి. కాబట్టి కట్ట ఎక్కకముందే ఏ చేప కోసం వెళ్తున్నామో తేల్చుకోవాలి. లోతు ఎంత పెట్టాలో దాన్నిబట్టే తెలుస్తుంది.

ఇక అడుగు ఎంత లోతులో ఉందో తెలుసుకోవడం. కొక్కేనికి పది, పదిహేను గ్రాముల సీసం తగిలించి, వేట వేయాలనుకున్న చోటికే విసరండి. బెండు మొత్తం మునిగిపోతే లోతు తక్కువ పెట్టారని అర్థం, ఒక జానెడు పెంచండి. బెండు పక్కకి పడుకుంటే ఎక్కువ పెట్టారు, తగ్గించండి. దారం నిటారుగా బిగిసి, బెండు కొన మాత్రమే నీటిపైన కనిపించే దాకా ఇలా సర్దితే అదే అడుగు. ఆ కొలతని గాలం కర్ర మీద మార్కర్‌తో గీసిపెట్టుకోండి. దారం తెగి మళ్లీ కట్టుకోవాల్సి వచ్చినప్పుడు అరనిమిషంలో అదే లోతుకి రావచ్చు.

ఒక్క చోట చూసి ఊరుకోవద్దు. కుడికీ ఎడమకీ రెండేసి గజాలు, ముందుకి ఇంకో రెండు గజాలు కూడా చూడాలి. 2015లో మొదలైన మిషన్ కాకతీయ కింద చాలా చెరువుల్లో పూడిక తీశారు. ఆ మట్టి పొలాలకు పోయింది. మట్టి తీసిన చోట్ల శిఖంలో, అంటే చెరువు లోపలి నేలలో, గుంటలు, వాటి మధ్య తీయకుండా వదిలిన గడ్డలు మిగిలాయి. నాలుగడుగుల నీళ్ల పక్కనే ఎనిమిదడుగుల గుంట ఉండొచ్చు. చేపలు ఎక్కువగా తిరిగేది ఆ అంచు వెంబడే. తూము దగ్గర సాధారణంగా లోతెక్కువ, ఎండాకాలం చివర్లో మిగిలిన చేపంతా అక్కడికే చేరుతుంది. లోతు చూసే సీసం తిరిగి లాగేటప్పుడు పదే పదే పట్టుకుంటుంటే కింద తుమ్మ మొద్దులున్నాయని అర్థం. చెరువు ఎండినప్పుడు మొలిచిన తుమ్మలు నీళ్లొచ్చాక చచ్చి ముళ్లతో అలాగే నిలబడి ఉంటాయి. ఆ చోటు వదిలేయండి. తగిలిన రవ్వ మొదటి పరుగులోనే వాటిలోకి పోతుంది.

ఇప్పుడు బెండు, సీసం, కొక్కెం కట్టే తీరు. నిలిచిన నీళ్లకి నెమలి ఈక కాడతో చేసిన బెండు నాకు అన్నిటికంటే నచ్చుతుంది. సన్నగా, తేలిగ్గా ఉంటుంది, చేప చిన్నగా లాగినా కదలిక చూపిస్తుంది. జీలుగ బెండు, బాల్సా కర్రతో చేసినవీ బాగుంటాయి. థర్మాకోల్ ముక్క అయితే చూడ్డానికి బాగా తేలుతుంది, మనకి కష్టం తెచ్చేది ఆ తేలడమే. దాన్ని ముంచడానికి చేప ఎక్కువ బలం పెట్టాలి, బరువు తగలగానే ఎర ఉమ్మేస్తుంది.

బెండు ఎంత బరువు మోస్తుందో ఇంట్లోనే బకెట్ నీళ్లలో చూసుకోండి. కొన మీద రంగు వేసిన భాగం ఒక సెంటీమీటరు మాత్రమే పైన మిగిలేదాకా చిన్న సీసపు గుండ్లు ఒక్కొక్కటే కలపాలి. తర్వాత ఒక చిన్న గుండు తీసేయాలి, ఎందుకంటే పిండి ముద్దకి నీళ్లలోనూ కొంత బరువు ఉంటుంది. రెండు గ్రాముల బెండు అనుకుందాం. అందులో గ్రామున్నర సీసం కొక్కేనికి రెండడుగుల పైన గుంపుగా, మిగతాది రెండు చిన్న గుండ్లుగా, ఒకటి అడుగు పైన, ఇంకోటి జానెడు పైన. గుంపు ఎరని చిన్నచేపల మధ్య నుంచి తొందరగా కిందికి దింపుతుంది. చివరి చిన్న గుండు వార్త చెప్పేది. చేప దాన్ని ఎత్తినా లాగినా బెండు వెంటనే మారుతుంది. బరువంతా బెండు కిందే కడితే ఎర గాల్లో దూదిలా నెమ్మదిగా దిగుతుంది, జిలేబీ చేపలు (తిలాపియా) దారిలోనే తినేస్తాయి. బొచ్చె కోసమైతే మాత్రం ఆ నెమ్మదే కావాలి.

సీసపు గుండ్లు పళ్లతో నొక్కకండి, సీసం విషం. చిన్న పట్టకారు పెట్టుకోండి. మరీ గట్టిగా నొక్కితే దారం నలిగి అక్కడే తెగుతుంది, వేలితో తోస్తే కష్టంగా జరిగేంత బిగువు చాలు.

మెయిన్ దారం 0.28 మిల్లీమీటర్ల నైలాన్, కొక్కెం వైపు ఒకటిన్నర అడుగుల ముక్క 0.22 లేదా 0.24. చివరి ముక్క సన్నగా ఉండటం వల్ల చేప అనుమానం తగ్గుతుంది. దానికంటే పెద్ద లాభం, మొద్దుకి చిక్కినప్పుడు అది మాత్రమే తెగి బెండు మిగులుతుంది. కొక్కెం రవ్వకి 6 లేదా 8 నంబరు, జిలేబీకి 10 లేదా 12. కొక్కేల్లో నంబరు పెరిగేకొద్దీ సైజు తగ్గుతుంది, కొత్తవాళ్లు కొనేటప్పుడు తికమకపడేది ఇక్కడే. కొన గోరు మీద పెట్టి మెల్లగా లాగితే జారకుండా పట్టుకోవాలి. జారితే ఆకురాయితో పదును పెట్టండి, లేదంటే పారేయండి. ముడి బిగించే ముందు ఉమ్మితో తడపాలి. పొడిగా లాగితే రాపిడి వేడికి నైలాన్ బలం పోతుంది.

లోతు కర్ర పొడుగుని మించితే స్థిరంగా కట్టిన బెండుతో విసరలేరు. పన్నెండడుగుల కర్రతో పదిహేనడుగుల లోతుకి గాలం వేయాలంటే జారుడు బెండు కావాలి. మెయిన్ దారం మీద మొదట కుట్టు దారంతో ఆపు ముడి వేయండి. కుట్టు దారాన్ని మెయిన్ దారం పక్కన మడిచి, రెండిటినీ కలిపి ఐదు చుట్లు చుట్టి, తడిపి లాగితే బిగుస్తుంది. దాని కింద చిన్న పూస, తర్వాత బెండు, మళ్లీ పూస, సీసం, స్వివెల్ (దారం మెలి పడకుండా తిరిగే చిన్న లోహపు కొక్కి), చివరి ముక్క. విసిరినప్పుడు బెండు సీసం దగ్గరే ఉంటుంది. నీళ్లలో పడ్డాక సీసం దారాన్ని లాక్కుంటూ దిగి, ఆపు ముడి పూసకి తగిలిన చోట ఆగుతుంది.

ఇందులో చెడేవి మూడు. పూస రంధ్రం పెద్దదైతే ముడి అందులోంచి దూరిపోతుంది, అప్పుడు లోతుకి హద్దే ఉండదు. సీసం మూడు గ్రాముల కంటే తక్కువైతే దారాన్ని లాగలేక బెండు పడుకునే ఉంటుంది, మీరేమో అడుగు తగిలిందనుకుంటారు. విసిరాక దారాన్ని వేలితో ఆపకపోతే సీసం, కొక్కెం, బెండు ఒకే కుప్పగా పడి చిక్కుకుంటాయి. నీళ్లని తాకే ముందు క్షణం రీలు అంచు మీద వేలు ఆనించండి, కొక్కెం బెండుని దాటి ముందుకెళ్లి పడుతుంది. ముడి చివర్లు మరీ మొదలంటా కత్తిరించకుండా కొంచెం వదిలితే కర్ర రింగుల్లో సాఫీగా జారుతుంది.

గాలికి బెండు పక్కకి కొట్టుకుపోవడం చెరువులో ఎప్పుడూ ఉండే ఇబ్బంది. నీటిపైన తేలే దారాన్ని గాలి, అల కలిసి తోస్తాయి. వేయాల్సిన చోటు కంటే రెండు గజాలు ముందుకి విసిరి, కర్ర కొసని నీళ్లలో ముంచి రీలుని నాలుగు చుట్లు తిప్పండి. దారం మునుగుతుంది, బెండు నిలబడుతుంది. కొత్త నైలాన్ జిడ్డుగా ఉంటే మునగదు. గిన్నెల సబ్బు ఒక చుక్క తడిగుడ్డకి రాసి దారాన్ని తుడిస్తే సరిపోతుంది.

ఎర సంగతి. నీళ్లలో చల్లే మేతకి కిలో తవుడు దోరగా వేయించి, అరకిలో పల్లి చెక్క పొడి, వేయించిన మెంతుల పొడి ఒక చెంచా, వంద గ్రాముల బెల్లం కరిగించిన నీళ్లతో కలపండి. నీళ్లు కొద్దికొద్దిగా పోసి, పావుగంట ఆగి మళ్లీ చూడాలి. చెక్క నీళ్లు పీల్చుకుంటూ పోతుంది. పిడికిట్లో పిసికితే ముద్ద కట్టాలి, బొటనవేలితో నొక్కితే విడిపోవాలి. అడుగు చేపల కోసమైతే చెరువు మట్టి గుప్పెడు కలిపితే ముద్ద విడిపోకుండా కిందికి చేరుతుంది. బొచ్చె కోసమైతే మట్టి వద్దు, తవుడు పెంచండి, పైనీళ్లలోనే మబ్బులా విడిపోవాలి. మొదట నారింజకాయంత ముద్దలు ఐదు, తర్వాత అరగంటకొకటి నిమ్మకాయంతది. ఎక్కువ వేస్తే చేప కడుపు నిండి మీ కొక్కెం వైపు చూడదు. ఎప్పుడూ ఒకే చోట పడాలి, అందుకు అవతలి ఒడ్డున ఒక చెట్టునో స్తంభాన్నో గుర్తు పెట్టుకుని విసరండి.

కొక్కేనికి గోధుమ పిండి రెండు వంతులు, మైదా ఒక వంతు, వేడినీళ్లతో కలిపిన ముద్ద చాలు. తడిగుడ్డలో ఉంచాలి. మైదా ఎక్కువైతే రబ్బరులా సాగి కొక్కెం కొనని కప్పేస్తుంది. చేప నోట్లోకి పోయినా గుచ్చుకోదు. చెంబు నీళ్లలో వేసి చూస్తే పది నిమిషాలు నిలిచి, ఆ తర్వాత అంచులు కరగడం మొదలుపెట్టాలి. మోసుకి, జెల్లకి ఎర్రలు, అంటే వానపాములు, దేనికంటే మేలు. వాటిని జిలేబీలు కూడా అంతే ఇష్టంగా తింటాయి కాబట్టి జిలేబీలు నిండిన చెరువులో ఎర్ర పెట్టడం చేతులారా పని పెంచుకోవడమే.

ఇక బెండు చెప్పేది చదవడం. గిలగిలా పైకీ కిందికీ ఆడితే జిలేబీ పిల్లలో, పరకలో. ఊరుకోండి, ఎర తినేశాయేమో పది నిమిషాలకొకసారి చూసుకోండి. రవ్వ అయితే రెండు చిన్న తడుముళ్లు, ఒక ఆగు, ఆ తర్వాత బెండు ఏటవాలుగా నీళ్లలోకి జారుతుంది. జారడం మొదలయ్యాకే లాగాలి, తడుముతున్నప్పుడు లాగితే పెదవి కొసకి తగిలి ఊడిపోతుంది. మోసు, బంగారుతీగ బెండుని పైకి లేపుతాయి. అడుగున ఎర అందుకుని తల ఎత్తగానే చివరి గుండు బరువు తీరిపోతుంది, బెండు లేచి పక్కకి ఒరుగుతుంది. చాలామంది బెండు మునిగేదాకా ఆగి ఈ చేపని పోగొట్టుకుంటారు. లేచిన క్షణమే లాగే సమయం. బెండు పక్కన సన్నటి బుడగలు దండలా వరుసగా వస్తుంటే కింద చేపలు బురద కెలుకుతున్నాయని ముందే తెలుస్తుంది. బొచ్చె పీల్చి వదిలి, పీల్చి వదిలి తింటుంది. బెండు వణికి, ఏ తొందరా లేకుండా నిటారుగా దిగుతుంది. దాని నోరు మెత్తన, గట్టిగా గుంజితే చిరుగుతుంది. కర్రని స్థిరంగా పైకెత్తితే చాలు. ఇరవై గజాల అవతల ఉన్న ఏ చేపకైనా ముందు వదులు దారం చుట్టుకుని ఆ తర్వాతే లాగాలి, నైలాన్ సాగుతుంది కాబట్టి. రీలు డ్రాగ్‌ని, అంటే చేప గట్టిగా లాగినప్పుడు దారం జారనిచ్చే బిగువుని, స్ప్రింగ్ తూకంతో కొలిచి కిలోన్నర దగ్గర వదిలేలా పెట్టుకోండి. చేతి అంచనా మీద బిగించిన డ్రాగ్ వల్లే పెద్ద చేపలు తెంపుకుపోతాయి.

వానాకాలంలో చెరువు మత్తడి దుంకినప్పుడు, అంటే నిండి అలుగు పారినప్పుడు, కింద వాగులో పారే నీళ్లలో ఈ లెక్కలు చాలావరకు తిరగబడతాయి. పైనీళ్లు వేగం, అడుగు నీళ్లు రాళ్ల రాపిడికి నెమ్మది. బెండు పైనీళ్లతో పరిగెడుతుంది, ఎర వెనకబడి ఈడ్చుకుంటూ పైకి లేస్తుంది. చేపకి అప్పుడు ముందు కనిపించేది దారం, ఆ తర్వాత ఎర. దీన్ని సరిచేయాలంటే బెండుని ఆపి ఆపి వదలాలి. నీటిపైన నురగ ఎంత వేగంగా పోతోందో చూసి, బెండు దానికంటే నెమ్మదిగా నడిచేలా రీలు నుంచి దారం వేలితో వదలండి. బెండు కొన ప్రవాహం పైవైపుకి కొంచెం వంగి ఉంటే ఎర ముందు నడుస్తోందని అర్థం. కిందివైపుకి వంగితే ఎర వెనక ఈడుస్తోంది. అంటే బరువు చాలడం లేదు, లేదా లోతు ఎక్కువై అడుగుకి రాసుకుంటోంది.

ఇక్కడ సన్నటి ఈక బెండు పనికిరాదు. పైభాగం లావుగా ఉండి నాలుగు నుంచి ఆరు గ్రాములు మోసేది కావాలి, సీసం మొత్తం ఎరకి అడుగున్నర పైన గుంపుగా ఉండాలి. లోతు చూడటానికి ఆగి ఉన్న సీసం పద్ధతి కుదరదు. తక్కువ లోతుతో మొదలుపెట్టి, ఒక్కో పారుడుకి బెత్తెడు చొప్పున పెంచుతూ పోండి. బెండు తటతటా తగులుతూ తడబడితే అడుగు వచ్చినట్టు, అక్కణ్ణుంచి జానెడు తగ్గించండి. చెరువులో దారాన్ని ముంచాం, వాగులో తేలేలా ఉంచాలి. దారం నీళ్ల మీద విల్లులా కిందికి వంగితే బెండుని లాక్కుపోతుంది. కర్ర ఎత్తి ఆ వంపుని తీసి పైవైపున వేయాలి. దీనికి పొడుగు కర్ర కావాలి, పన్నెండడుగులకి తగ్గితే చేయి నొప్పే మిగులుతుంది. మత్తడి కింద తెల్లగా మరిగే నీళ్లలో వేయకండి. పదిహేను, ఇరవై అడుగులు కిందికి, వేగం నీళ్లు, నెమ్మది నీళ్లు పక్కపక్కన పారే గీత కనిపిస్తుంది. చేప నెమ్మది వైపు నిలబడి వేగం వైపు నుంచి వచ్చే మేత అందుకుంటుంది. బెండు ఆ గీత వెంట నడవాలి.

పారే నీళ్లలో బెండు పనిని అమెరికా పసిఫిక్ తీరపు నదుల్లో స్టీల్‌హెడ్ పట్టేవాళ్లు చాలా లోతుగా నేర్చుకున్నారు. స్టీల్‌హెడ్ అంటే సముద్రానికి వెళ్లి పెరిగి, గుడ్లు పెట్టడానికి నదికి తిరిగొచ్చే రెయిన్‌బో ట్రౌట్. వాషింగ్టన్, ఒరెగాన్, బ్రిటిష్ కొలంబియా నదుల్లో చలికాలంలో దాన్ని వేటాడతారు. బెండు కింద దాదాపు మూడున్నర గ్రాముల జిగ్, అంటే సీసం తల ఉన్న కొక్కేనికి మెత్తటి ఈకలు కట్టినది, నది నేలకి ఒకటి, ఒకటిన్నర అడుగుల పైన నడిపిస్తారు. పైన చెప్పిన బెండు వంపు చదవడం, దారం వంపు తీయడం అక్కడి వాళ్లకి మొదటి పాఠాలు. మనకి ఆ పద్ధతి మొత్తం పనికొస్తుంది, జిగ్ మాత్రం రాదు. నదికి వచ్చిన స్టీల్‌హెడ్ ఆకలితో కాకుండా ఎదురొచ్చిన దాన్ని కరుస్తుంది, ఈకల కదలిక దానికి చాలు. మన రవ్వ, మోసు వాసన, రుచి చూసి తినేవి, వాటికి పిండి, ఎర్ర కావాల్సిందే. సియాటిల్‌లో మనవాళ్ల ఇంటికి వెళ్లినప్పుడు గాలం వేయాలనిపిస్తే లైసెన్సు, చేప పట్టింది రాసే కార్డు రెండూ ముందే తీసుకోవాలి. ఏ నది ఎప్పుడు తెరిచి ఉంటుందో రూల్స్ పుస్తకంలో చూసుకోవాలి. వీపు మీద తోక దగ్గర ఉండే చిన్న కొవ్వు రెక్క కత్తిరించి ఉంటే అది హేచరీ చేప, అంటే పిల్లగా పెంచి నదిలో వదిలినది. రెక్క ఉంటే సహజంగా పుట్టినదిగా లెక్క, చాలా నదుల్లో వదిలేయాల్సిందే.

వేళల గురించి ఒక మాట. ఎండాకాలంలో తెల్లారకముందే చేప తింటుందనే నమ్మకం బలంగా ఉంది. కానీ పాచి, గుర్రపు డెక్క ఎక్కువున్న చెరువుల్లో రాత్రంతా మొక్కలు కూడా ఆక్సిజన్ వాడుకుంటాయి కాబట్టి తెల్లవారుజామున నీళ్లలో అది అతి తక్కువగా ఉంటుంది, చేప మందకొడిగా ఉంటుంది. పొద్దెక్కిన గంట తర్వాత మొదలుపెట్టడమే మేలు. డిసెంబర్, జనవరిలో నీళ్లు వెచ్చబడే పదకొండు నుంచి మూడు వరకు మంచి సమయం. మృగశిర కార్తెకి నగరమంతా చేప కొంటుంది. ఆ తర్వాత వచ్చే కొత్త నీళ్లకి రవ్వ, బొచ్చె, మోసు నదుల్లో ఎదురెక్కి గుడ్లు పెడతాయి. నిలిచిన చెరువులో ఇవి సహజంగా గుడ్లు పెట్టవు, పిల్లల్ని తెచ్చి వదలాల్సిందే. అందుకని వానాకాలంలో నదిలో దొరికిన నిండు కడుపు చేపని తడి చేతులతో పట్టుకుని, కొక్కెం తీసి, ప్రవాహానికి తల పెట్టి వదిలేయండి.

చెరువుల్లో చేపల హక్కు సాధారణంగా ఊరి మత్స్యకారుల సహకార సంఘానిది. చేపల్ని కాపలా కాసేది వాళ్లే. సంఘం పెద్దని కలిసి, గాలం వేసుకోవచ్చా అని అడిగి, చెప్పిన రుసుము కట్టి కూచోండి. సంగారెడ్డి వైపు మంజీర అభయారణ్యంలో వేట నిషేధం, అక్కడ మొసళ్లున్నాయి. నది మిగతా చోట్ల కూడా మోకాలి లోతు దిగి నిలబడకండి. ప్రాజెక్టుల కింద గేట్లు ఎత్తితే నీళ్లు నిమిషాల్లో పెరుగుతాయి. వానాకాలంలో గేట్ల వార్త చూడకుండా వెళ్లొద్దు. హుస్సేన్‌సాగర్‌లో, నగరం దాటిన మూసీలో దొరికిన చేప తినడానికి పనికిరాదు.

ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ గాలానికి పడితే తిరిగి వదలకండి. దాని పెంపకం మన దేశంలో నిషేధం, చెరువులోని చిన్నచేపల్ని అది మిగల్చదు. ఒంటిమీద గట్టి పలకలు, కింద గుండ్రటి నోరు ఉన్న దెయ్యం చేపకీ ఇదే మాట. తెగిన నైలాన్‌ని ఒడ్డున వదిలితే కొంగల కాళ్లకి చుట్టుకుంటుంది. ఇంటికి తెచ్చి, జానెడు జానెడు ముక్కలుగా కత్తిరించి చెత్తబుట్టలో వేయండి.